వియ్యపురాళ్ళ మంగళవారం

మా వదిన కుస్మియాతికి స్కూటర్ నేర్పింది నేనే. మా పేటలో కొందరు ఈ సంగతి ఇప్పటికీ నేరంలా చెప్పుకుంటారు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

అప్పటికి ఆవిడకు అరవై ఒకటి. మా అన్నయ్య పోయి ఏడాది దాటింది. ముప్ఫై ఆరేళ్ళు ఆయన వెనక సీటు మీద కూర్చుని సలతీగా ఊరంతా తిరిగిన మనిషి ఆవిడ. తిరిగిందన్న మాటే గానీ, చూసిందల్లా అన్నయ్య వీపు. ఆ వీపు కాస్త విశాలమైనది. మెర్బాబు కొండ అంతటిది కూడా దాని వెనక కనపడకుండా పోయేది. ఆయన బండి ఆపేది రెండే చోట్ల, ఆఫీసు దగ్గర, ఇంటి దగ్గర. దారిలో ఏదైనా బావుందని వదిన అంటే, రిటైరయ్యాక తీరిగ్గా చూద్దాంలే అనేవాడు. రిటైరయ్యాక టీవీని తీరిగ్గా చూశాడు.

వదిన స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. మిషను తొక్కి తొక్కి ఆవిడకు అలవాటైన వేగం ఒకటుంది. గేర్లు లేని స్కూటర్ కొనిచ్చినా ఆ వేగం మారలేదు. నేర్చుకునే రోజుల్లో పొద్దున్నే ఫుట్‌బాల్ మైదానానికి తీసుకెళ్ళేవాణ్ణి. నాలుగుసార్లు తిన్నగా గోల్‌పోస్టులోకి పోనిచ్చింది. ఆ ఏడాది మా పేట జట్టు మొత్తం కలిసి వేసిన గోల్సు అంతకన్నా తక్కువే.

ఇక వియ్యపురాలి సంగతి. మా వదిన కొడుకు హనుంగ్ పెళ్ళాడింది లరాస్ అనే పిల్లని. లరాస్ తల్లి నింగ్రుమ్‌గారు ప్రాథమిక పాఠశాలకి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలారు గానీ ఉద్యోగం ఆవిణ్ణి వదల్లేదు. మనం కూర్చున్న తీరు చూసి నిటారుగా కూర్చోమంటారు. పెళ్ళికి ఆవిడ వేసుకున్న లేసు కెబాయా రవిక వదినే కుట్టింది. వేదిక మీద నిలబడి వచ్చినవాళ్ళకి నమస్కారాలు పెడుతుండగా చంక కింద కుట్టు చిట్లింది. కుట్టు తప్పని ఆవిడ. కొలతలిచ్చాక పెరిగిన ఒళ్ళు తప్పని ఈవిడ. ప్రతి రంజాన్ పండక్కీ మా ఆచారం ప్రకారం ఇద్దరూ చేతులు కలిపి, తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ క్షమించమని ఒకరినొకరు అడిగేవారు. ఆ కుట్టు మాత్రం ఆ లెక్కలోకి రాదని ఇద్దరికీ తెలుసు. అలా అయిదేళ్ళు గడిచాయి.

ఆరో ఏడు అంబరావాలో నింగ్రుమ్‌గారి పెదనాన్న కూతురు పోయింది. కారులో హనుంగ్ తీసుకెళ్తాడని లరాస్ అనుకుంది, లరాస్ తీసుకెళ్తుందని హనుంగ్ అనుకున్నాడు. వాళ్ళ కాపురం మొత్తం ఇలాంటి అనుకోవడాల మీదే నడిచింది. నింగ్రుమ్‌గారు నల్లటి బట్టల్లో, గొడుగు పట్టుకుని, కారు కోసం ఎదురుచూస్తూ మా వదిన ముందుగదిలో గంటన్నర కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఒక గడియారం, రెండు టీ గ్లాసులు. చివరికి వదిన లేచి రెండో హెల్మెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఎక్కుతారా, నడుస్తారా?” అంది.

హెడ్‌మిస్ట్రెస్‌గారు ఎక్కారు, నిటారుగా.

పరామర్శ అయి పదకొండుకల్లా అక్కణ్ణించి బయల్దేరారట. పెద్ద రోడ్డు మీద లారీలంటే భయమని వదిన రావాపెనింగ్ చెరువు పక్క దారి పట్టింది. మనిషి నడిచినంత వేగంతో పోతే చెరువంతా కనిపిస్తుంది. గుర్రపుడెక్క కోసి పడవల్లో కుప్పలు పోస్తున్నవాళ్ళని చూడ్డానికి ఒకసారి ఆగారు. కొంగల కోసం ఒకసారి. ఊరికే ఇంకోసారి. మున్‌చుల్ ఊటబావి దగ్గర ఉడకబెట్టిన ఆకుకూరల మీద వేరుశెనగ పచ్చడి పోసి, నత్తలు వేసి అరటాకులో పెట్టే కొట్టుంది. హెడ్‌మిస్ట్రెస్ అయ్యుండి రోడ్డు పక్కన తినడం మర్యాద కాదని నింగ్రుమ్‌గారు అభ్యంతరం చెప్పారట. ఆ అభ్యంతరం చెబుతూనే రెండాకులు ఖాళీ చేశారట.

సాయంత్రం అయిదుకి వచ్చారు. గంటలో రావాల్సిన దారి. నేనేమో ఆస్పత్రికి ఫోన్ చేయాలా, పోలీసులకా అని తేల్చుకోలేక గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఇద్దరి మొహాలూ ఎండకి కందిపోయాయి. చావింటికి వెళ్ళొచ్చిన మొహాలైతే కావు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం ఇదే పని. మర్నాడు నింగ్రుమ్‌గారికి ఖురాన్ పఠనం, ముందురోజు వదినకి బట్టలిచ్చే రోజు, అందుకని మంగళవారం. పొద్దున ఎనిమిదికి బయల్దేరతారు. బండి వేగం పాతికకి మించదు. తోఫు అమ్ముకునే సైకిలాయన గంట కొట్టి మరీ దాటుకుపోతాడు. ఎటు వెళ్తున్నారంటే చెప్పరు, ఎందుకంటే వాళ్ళకీ తెలియదు. ఒకసారి క్యాబేజీ తోటలు చూడ్డానికి, ఒకసారి పాత రైలు చూడ్డానికి, ఒకసారి కేవలం ఎవరో వేసిన గేటు రంగు బావుందని విని. ఇద్దరూ పోట్లాట మానేశారని కాదు. స్కూటర్ మీద పోట్లాడ్డం కష్టం. ముందున్నావిడకి వెనకావిడ మొహం కనపడదు, హెల్మెట్‌లోంచి సగం మాట వినపడదు. వినపడని సగాన్ని ఇద్దరూ మంచిగానే ఊహించుకున్నట్టున్నారు.

హనుంగ్‌కీ, లరాస్‌కీ ఇది నచ్చలేదు. నడుం విరుగుతుందన్నారు, వాన వస్తుందన్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడింది ఆ ఒక్క విషయంలోనే. మరుసటి ఏడాది, పెళ్ళయిన ఏడేళ్ళకి, పిల్లాజెల్లా లేకుండానే విడాకులు తీసుకున్నారు.

అప్పుడు వదిన ఇంట్లో పంచాయతీ పెట్టాడు హనుంగ్. ఇంటి పెద్దనని నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. పెద్దరికానికి ఇచ్చిందల్లా చేరగిలబడ్డానికి వీల్లేని ఒక కుర్చీ.

“ఆవిడతో నీకింకా ఏం పనమ్మా? ఇప్పుడావిడ మనకేమవుతుంది?” అన్నాడు హనుంగ్.

“ఏమీ అవదు,” అంది వదిన. “ఏమన్నా అయినన్నాళ్ళూ మాట్లాడుకోలేదు కదరా.”

“జనం నవ్వుతున్నారు.”

“మీరు విడిపోతే ఏడిచారా మరి?”

నేను గొంతు సవరించుకుని, ఇరుపక్షాలూ ఆలోచించుకోవాలని తీర్పు చెప్పాను. ఇలాంటి తీర్పులు చెప్పడంలో నాకు మంచి పేరుంది.

కానీ నిజం చెప్పాలి. అంత మాట అన్న వదిన, ఆ మంగళవారం వెళ్ళలేదు. పైకెంత అన్నా కడుపున పుట్టినవాడు. లోపల్లోపల లరాస్‌దే తప్పని ఆవిడ నమ్మకం. అక్కడ నింగ్రుమ్‌గారికి హనుంగ్‌దే తప్పని నమ్మకం. మధ్యలో స్కూటర్ మీద గుడ్డ కప్పి ఉంది.

రెండో వారం వదిన ఒక్కతే వెళ్ళి గంటలో తిరిగొచ్చింది. దారి తప్పితే తిట్టడానికి ఎవరూ లేరంది. మూడో వారం నన్ను రమ్మంది. నేను ఆనందంగా వెనకెక్కి, ఎడమకి తిప్పు, హారన్ కొట్టు, అద్దంలో చూడు, ఆ లారీని దాటించు అని నా అనుభవమంతా ఆవిడ చెవిలో పోశాను. టున్‌టాంగ్ వంతెన దగ్గర బండి ఆపింది.

“దిగు మరిదీ.”

“ఏముందిక్కడ చూడ్డానికి?”

“నువ్వు వ్యానెక్కడం చూడాలి.”

నేను వ్యానెక్కేదాకా నిజంగానే నిలబడి చూసింది. ఇరుకు వ్యానులో ఒక కోళ్ళ గంప పక్కన కూర్చుని ఇంటికొచ్చాను. ఆ కోళ్ళు కూడా నా సలహాలు పట్టించుకోలేదు.

వదిన అక్కణ్ణించి తిన్నగా నింగ్రుమ్‌గారి ఇంటికి పోయింది. ఇది తర్వాత తనే చెప్పింది. గేటు ముందు ఆగి, లోపలికి వెళ్ళాలా వద్దా అని కాసేపు బండి మీదే కూర్చుందట. కొడుకు తరపున క్షమాపణ చెబుదామంటే నోరు రాలేదు, కోడల్ని తిడదామంటే ఎదురుగా ఉన్నది దాని తల్లి. ఏం చేయాలో తెలియక హారన్ కొట్టింది.

నింగ్రుమ్‌గారు బయటికొచ్చారు. ఒంటి మీద ఎండకి వేసుకునే కోటు, చేతిలో హెల్మెట్.

“రెండు వారాలు ఆలస్యం,” అన్నారు, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లతో అన్నట్టు.

“ఎటు పోదాం వదినగారూ?” అంది మా వదిన.

“ఎటైనా. ముందు మీ వాణ్ణి ఓ పది నిమిషాలు తిట్టాలి. తర్వాత మా దాన్ని మీరు తిట్టండి. అడ్డు రాకూడదు.”

ఆ ఒప్పందం ప్రకారమే జరిగిందట. చెరువు కనపడేసరికి తిట్లయిపోయాయి. అప్పుడిద్దరూ ఒక గట్టు మీద కూర్చుని ఏడ్చారని వదిన చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పింది. అందుకే ఇన్నాళ్ళూ ఆగాను.

హనుంగ్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్త వియ్యపురాలు చాలా మర్యాదస్తురాలు, ఏసీ కారుంది. ఒకసారి వదినని కోపెంగ్ కొండ మీదికి షికారు తీసుకెళ్ళింది. ఎలా ఉందంటే, వెళ్ళామో లేదో వచ్చేశాం అంది వదిన. అద్దాలు కూడా దింపలేదట. లరాస్ సెమరాంగ్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. ఊరికొచ్చినప్పుడు వదినని ఇప్పటికీ అమ్మా అనే పిలుస్తుంది. హనుంగ్‌కి తెలియదు, తెలిసినా నన్ను మళ్ళీ ఆ కుర్చీ ఎక్కించలేడు.

పోయిన మంగళవారం ఇద్దరూ గెటాసాన్ వైపు వెళ్ళారు. రోడ్డు పక్కన షామియానా చూసి తిండి కొట్టనుకుని ఆగారు. తీరా చూస్తే పెళ్ళి. ఎదురొచ్చినవాళ్ళు వీళ్ళని పెద్దవరస చుట్టాలనుకుని చేతులు పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. తిని, కవరులో చదివింపులు పెట్టి, పెళ్ళికొడుకు పక్కన ఫొటో దిగి, పలహారాల డబ్బాతో సహా సాయంత్రానికి ఇల్లు చేరారు.

ఎవరి పెళ్ళి అని అడిగాను.

“ఏమో,” అంది వదిన హెల్మెట్ తీస్తూ. “పిల్ల బావుంది. అన్నం కొంచెం మెత్తబడింది.”

నింగ్రుమ్‌గారు డబ్బా విప్పి, నాకొక్క అరటిపండు తీసిచ్చి, మిగతాది మూత పెట్టేశారు. నన్ను నిటారుగా కూర్చోమన్నారు.