కాలిన చేతులని అబద్ధమాడాను

మాది సిద్దిపేట. పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్లి గాజులు తొడుగుతాను. నాలుగేళ్ల కింద నా చేతుల మీద తెల్లమచ్చలు లేచాయి. అవి ఇంకొకరికి అంటుకోవని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది గానీ, నన్ను పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

ఒకసారి చిన్నకోడూరులో పెళ్లివారింటికి వెళ్లాను. చాప మీద కూర్చుని పెళ్లికూతురి చేయి పట్టుకోగానే వాళ్ల మేనత్త అరిచింది.

"ఆగు! నీ చేతులకేమైంది? బొల్లినా ఏంది?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఇక్కడ లేపి పంపిస్తే ఆ ఊళ్లో ఇక నన్నెవరూ పిలవరు. భయంతో నోటికొచ్చింది చెప్పేశాను.

"కాదక్కా, మసిలే నూనె మీద పడి కాలింది."

"అయ్యో బిడ్డా!" అంటూ పెళ్లికూతురి నాయనమ్మ కొబ్బరినూనె తెచ్చి, వద్దంటున్నా వినకుండా నా చేతికి రాయసాగింది. కాలిన చర్మమైతే గరుకుగా ఉండాలి. నాదేమో నున్నగా ఉంది. ఆమె వేళ్లు ఒక్కసారిగా ఆగాయి. నా ముఖంలోకి చూసింది.

"ఏమైందే అవ్వా?" అని మేనత్త అడిగింది.

"ఏమైతది? పాపం, మస్తు కాలింది," అంటూ ఆమె మనవరాలి చేయి తెచ్చి నా చేతిలో పెట్టింది. "తొడుగు బిడ్డా, నిండుగ తొడుగు."

వచ్చేటప్పుడు వాకిట్లో ఆ నాయనమ్మ నా చెవిలో చెప్పింది. "నాకు ఎర్కే. మల్లెక్కడ గట్ల చెప్పకు, ఎవలన్న ముట్టి చూస్తే దొరికిపోతవు."

ఆ రోజు నుంచి ఏ ఇంటికెళ్లినా ఇది బొల్లి, అంటుకోదు అని నేనే ముందు చెబుతున్నాను. వద్దని పంపించేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ గాజు తొడిగేటప్పుడు ఎవరైనా నా చేయి ముట్టి చూస్తారన్న భయం ఇక లేదు.