పొడి నేల మీద రక్తం

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. మార్చురీ పక్క గదిలో ఏళ్ల తరబడి బట్టలు మార్చుకుని డ్యూటీ ఎక్కినదాన్ని. నవ్వేవాళ్లు నవ్వుకోండి, జరిగింది మాత్రం ఇదే.

తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేసేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఆత్రేయపురం వైపు నుంచి ఒక మాస్టారిని తీసుకొచ్చారు. స్కూటర్ జారిపడి హ్యాండిల్ ఎడమ డొక్కలో బలంగా తగిలిందట. మోచేతి మీద గీతలు తప్ప పైకి గాయం లేదు. బీపీ, నాడి బాగానే ఉన్నాయి.

"పరీక్ష పేపర్లు దిద్దాలి సిస్టర్ గారూ, త్వరగా పంపించేయండి" అని నవ్వుతున్నారు. సాయంత్రం దాకా చూసి పంపేద్దామన్నారు డ్యూటీ డాక్టర్ గారు.

అప్పుడే మా ఆయా మరియమ్మ బకెట్టుతో వచ్చి ఆయన మంచం కింద తుడవడం మొదలుపెట్టింది. గుడ్డ పిండుతుంది, మళ్లీ తుడుస్తుంది.

"ఏంటి మరియమ్మా, పొడిగానే ఉందిగా?"

"ఇంత రక్తం కారుతుంటే పొడి అంటారేంటమ్మా!"

వంగి అరచేత్తో తడిమాను. చుక్క లేదు. బకెట్లో నీళ్లు తేటగా ఉన్నాయి. ఆవిడ మాత్రం మళ్లీ గుడ్డ ముంచి తుడుస్తూనే ఉంది.

నాలుగు బాటిళ్ల రక్తం సిద్ధం చేయిద్దామా అని డాక్టర్ గారిని అడిగాను. "దేనికి?" అన్నారు. అయినా శాంపిల్ తీసి, ఫారం మీద నా సంతకమే పెట్టి బ్లడ్ బ్యాంకుకి పంపాను.

"ఉద్యోగం మీద ఆశ లేదా?" అని అరిచారాయన.

"ఉందండి. కానీ పంపేశానండి" అన్నాను.

గంటన్నర తిరక్కముందే మాస్టారు పాలిపోయారు. ఒళ్లంతా చల్లటి చెమట, నాడి అందడం లేదు. ఎడమ డొక్కలో ఉండే ప్లీహం చిట్లి లోపల్లోపలే రక్తం పోతోంది. థియేటర్‌కి తీసుకెళ్లేసరికి రక్తం సిద్ధంగా ఉంది. నాలుగూ ఎక్కించారు. రెండు వారాల తర్వాత ఆయన నడిచి ఇంటికెళ్లారు.

నేల మీద మాత్రం చివరిదాకా ఒక్క చుక్క పడలేదు. ఎన్నిసార్లు అడిగినా మరియమ్మ "కనపడింది, తుడిచానమ్మా" అనేది, అంతే.

నీ అనుభవమే మాస్టారి ముఖంలో ఏదో పసిగట్టి ఉంటుందని కొందరన్నారు. కాదండి. మరియమ్మ రాకపోతే నేనూ ఆయన్ని నవ్వుతూ పంపించేదాన్నే.

ఆర్డర్ లేకుండా రక్తం ఎందుకు అడిగావని మెమో ఇచ్చారు. అనుమానం వచ్చిందని రాసెయ్యమ్మా, సరిపోతుందని హెడ్ సిస్టర్ బతిమాలారు. రాయలేదు. "మా ఆయాకి పొడి నేల మీద రక్తం కనపడినందుకు" అని రాసి సంతకం పెట్టాను.

ఎలా కనపడిందో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. మళ్లీ మెమో ఇచ్చినా అదే రాస్తాను.