బాబాయ్ గారి రిలీవింగ్

దయానందం బాబాయ్ పదవీ విరమణ సభకి దండ తెచ్చింది నేనే. అవనిగడ్డలో పూలకొట్టువాడితో పోట్లాడి మరీ తెచ్చాను. శాలువా కప్పారు, గోడగడియారం చేతిలో పెట్టారు. వచ్చిన పాస్టరయ్యగార్లందరూ ఆయన నమ్మకత్వం గురించి మాట్లాడారు. బిర్యానీ తిని చేతులు కడుక్కున్నాం. మర్నాడు పొద్దున నేను మందుల గది తాళం తీస్తుంటే ఎదురు గదిలో ఫ్యాను తిరుగుతోంది. తొంగి చూస్తే ఈయనే. అదే కుర్చీ, అదే కళ్ళజోడు, ముందు అదే కంప్యూటరు.

"ఇదేంటి బాబాయ్, దండ ఇంకా వాడనేలేదు, అప్పుడే వచ్చేశారు?"

"రిలీవింగ్ ఆర్డరు ఇవ్వలేదమ్మా," అన్నారు, తప్పు తనదే అయినట్టు.

"మరి నిన్న మేం చేసిందేంటి, నాటకమా?"

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరేం చేసినా సరే, ముందు నవ్వుతారు.

మాది దివిసీమలో చిన్న మిషన్ ఆసుపత్రి. నా పేరు హేమ, మందుల గది నాది. నోరు కాస్త ఎక్కువని ఇక్కడ అందరూ అంటారు, అననీ. బాబాయ్ నాకు చుట్టమేం కాదు. నేను కొత్తగా చేరినప్పుడు మొదటి నెల జీతం చేతికిస్తూ, "ముందు మీ అమ్మ చేతిలో పెట్టు తల్లీ" అన్నారు, అప్పట్నుంచీ బాబాయే. ముప్పై ఏళ్ళుగా ఇక్కడి జీతాలు, కరెంటు బిల్లు, జనరేటరు డీజిలు అన్నీ ఆయనవే. పిల్లల్లేరు. భార్య ఎలీసబెతు పిన్ని బందరులో నర్సుగా చేసి రిటైరైంది. ఆమె ఉద్యోగం అక్కడ, ఈయనది ఇక్కడ, కాపురం మాత్రం శనివారం బస్సు దొరికితే. రిటైరయ్యాక ఒకచోట ఉందామని పెళ్ళయిన దగ్గర్నుంచీ అనుకుంటూనే ఉన్నారు.

ఈలోగా పిన్నికి కళ్ళలో నీటికాసులు వచ్చాయి. ఒక కన్ను పోయింది. రెండోది నిలవాలంటే రోజూ సాయంత్రం ఏడింటికి చుక్కల మందు పడాల్సిందే. ఆమె చేతులు వణుకుతాయి, సీసా కంటి మీద నిలవదు. ఊరందరి కళ్ళలో మందు వేసిన మనిషికి తన కంట్లో తను వేసుకోవడం చేతకాకుండా పోయింది. బాబాయ్ ఇంటికి వెళ్ళాల్సింది అందుకు. ఏడింటికి ఆ సీసా పట్టుకుని ఆమె పక్కన ఉండాలి, అంతకన్నా ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

మరి ఎందుకు వదల్లేదంటే మా ఆసుపత్రి ఆనవాయితీ చెప్పాలి. ఇక్కడ జీతం చేతికి రాకముందే అందులో పదోవంతు పక్కకి తీసేస్తారు. ప్రభువు భాగం అంటారు దాన్ని. డబ్బు కట్టలేని రోగుల ఆపరేషన్లకి, మందులకి పోతుంది. ఆసుపత్రి పెట్టిన దొరసాని కాలం నుంచీ ఇదే పద్ధతి. హిందువులైన డాక్టర్లు కూడా ఒప్పుకునే చేరతారు. దానికి రసీదు ఉండదు, దేవుడికిచ్చి రసీదు అడగడమేంటని. ఎవరికి ఖర్చయిందో పేరు బయటికి చెప్పరు, సాయం తీసుకున్నవాళ్ళు తల దించుకోకూడదని. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ బాబాయ్ పన్ను లెక్క వేసేటప్పుడు కూడా ఆ పదోవంతు వదిలేసి, మిగిలిందే జీతమని చూపించారు. ఆయన లెక్కలో అది డాక్టరు గారి జీతం కానేకాదు, మొదటినుంచీ దేవుడిదే. దేవుడి డబ్బు మీద పన్నేంటి? పాత ఆడిటరూ మా సంఘస్థుడే, ఆదివారం కానుక సంచి పట్టుకుని తిరిగేవాడు, ఆయనకీ అదే సబబుగా తోచింది. ఇద్దరూ కలిసి ఏళ్ళ తరబడి, ఒక్క కొట్టివేత లేకుండా, నీటుగా తప్పు చేశారు.

సభకి నెల ముందు మా డాక్టరమ్మ నవ్యశ్రీ ఇంటి లోనుకి వెళ్ళింది. ఉద్యోగపు ఆర్డరులో జీతం ఒకటి, పన్ను పట్టినట్టు మేమిచ్చిన ఫారంలో జీతం ఇంకొకటి. "ఏది నిజం మేడమ్?" అన్నారట బ్యాంకువాళ్ళు. ఆవిడ వచ్చి బాబాయ్‌ని అడిగింది. బాబాయ్ బందరులో ఉండే కొత్త ఆడిటరు కార్తీక్‌ని అడిగారు. ఆ అబ్బాయి ఫోనులోనే తేల్చేశాడట.

"సార్, చేతికెంత వచ్చిందని కాదు, ఇస్తానన్నదంతా జీతమే. దేవుడికిచ్చేది ఆ తరవాత. తక్కువ పట్టిన పన్నుకి సంస్థే బాధ్యత పడాలి, వడ్డీతో సహా. పోర్టల్లో సంస్థంటే మీరే."

అదీ సంగతి. జీతాల్లో పన్ను పట్టే ప్రతి సంస్థా బాధ్యుడంటూ ఒక మనిషి పేరు ఇవ్వాలి. అప్పట్లో ఎవరూ ముందుకు రాకపోతే బాబాయ్ పేరూ, ఫోను నంబరూ ఇచ్చేశారు. ఏది సరిచేయాలన్నా ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది. ఇంకొకరు ఒప్పుకుంటేనే ఆ పేరు మారుతుంది.

సభ అయిన వారానికి కమిటీ కూర్చుంది. స్టాఫ్ తరపున నేనూ కమిటీలో ఉన్నాను గానీ, టీ చల్లారిపోతోందని చెప్పడానికి తప్ప నన్నెవరూ నోరు విప్పనివ్వరు. అధ్యక్షులు పున్నయ్య గారు, రిటైరైన హెడ్మాస్టరు, కార్తీక్ చెప్పిందంతా విని కళ్ళజోడు తీశారు.

"అంటే ముందు ప్రభుత్వానికి, మిగిలింది దేవుడికా? ప్రభువుకి ఎంగిలి పెట్టమంటాడా ఆ కుర్రాడు?"

ఇక చూడండి. పదోవంతు పన్నుకి ముందు తియ్యాలా, తరవాత తియ్యాలా అని భోజనాల వేళ దాకా వాదించుకున్నారు. బాకీ ఎలా తీర్చాలో ఒక్కరూ మాట్లాడలేదు. చివరికి పున్నయ్య గారు, "దయానందం గారు మొదలుపెట్టింది దయానందం గారే సరిచేస్తారు. అంతవరకూ రిలీవింగ్ ఆపుదాం," అని ప్రార్థన చేసేశారు. బాబాయ్ అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నారు. నాకు ఆ కప్పులు నేలకేసి కొట్టాలనిపించింది.

అప్పట్నుంచి ఆయన బతుకు ఓటీపీల పాలైంది. ఏళ్ళ వారీగా, మూడేసి నెలల వారీగా పాత లెక్కలన్నీ మళ్ళీ దాఖలు చెయ్యాలి. ఆ సైటు పగలు కదలదు, సాయంత్రమైతేనే కదులుతుంది. సరిగ్గా అదే వేళకి బందరు నుంచి పిన్ని ఫోను. "తల వెనక్కి వాల్చు ఎలీసా. కింది రెప్ప లాగు. పైకి చూడు," అని ఈయన ఇక్కణ్ణుంచి చెబుతుంటారు, ఆమె అక్కడ వేసుకుంటూ ఉంటుంది. సగం మందు బుగ్గ మీద, సగం జాకెట్టు మీద. మధ్యలో కార్తీక్ ఫోను. "పెట్టెయ్ ఎలీసా, ఓటీపీ వస్తోంది." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో.

"మీరు మానేసి వెళ్ళిపోండి బాబాయ్, ఎవడేం చేస్తాడో నేనూ చూస్తాను," అన్నానొకసారి.

"నేను వెళ్ళినా నా పేరు ఇక్కడే ఉంటుంది కదమ్మా. నోటీసులు నా పేరునే వస్తాయి."

పోలీసులు పట్టుకుంటే బెయిలన్నా ఉంటుంది, ఇదేం ఖర్మ అనుకున్నాను.

ఉన్న డాక్టర్ల సంగతి సరే, మానేసి వెళ్ళినవాళ్ళ దగ్గర చిక్కొచ్చింది. వాళ్ళు ఆ పదోవంతుకి తమ వంతు పన్ను కట్టి, కట్టామని వాళ్ళ ఆడిటరు చేత సర్టిఫికెట్ ఇప్పిస్తే మా బాకీ ఒట్టి వడ్డీతో సరిపోతుంది. ఒక్కొక్కరినీ బతిమాలుకోవాలి. మా పాత సర్జన్ గోవర్ధనరావు గారు ఇప్పుడు గుడివాడలో సొంత నర్సింగ్ హోమ్ నడుపుతున్నారు. అక్కడికి బాబాయ్‌ని ఒంటరిగా పంపడం ఇష్టంలేక సెలవు పెట్టి నేనూ వెళ్ళాను.

ఆయన ఎదురొచ్చి కూర్చోబెట్టారు, కాఫీ తెప్పించారు. విషయం విన్నాక మొహం మారింది.

"అంటే మీ పేదలకి నేనిచ్చినదాని మీద ఇప్పుడు నేనే పన్ను కట్టాలి. పోనీ దానం కింద చూపించుకుందామా అంటే రసీదు లేదు."

"లేదండీ," అన్నారు బాబాయ్.

"ఎవరికి ఖర్చు పెట్టారో పేర్లు చెప్పండి."

"చెప్పకూడదండీ."

"మరి అది వాళ్ళకే వెళ్ళిందని నాకేంటి నమ్మకం, దయానందం గారూ?"

బాబాయ్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశారు. ముప్పై ఏళ్ళలో ఆయన్ని ఎవరూ అడగని మాట. ఈసారి నవ్వలేదు. ఇక నేను ఆగలేకపోయాను.

"డాక్టరు గారూ, డబ్బు కట్టకుండా మీ చేత ఆపరేషన్లు చేయించుకుని వెళ్ళినవాళ్ళు మీకు గుర్తులేరా? మీరు కుట్టిన కడుపులే కదండీ అవన్నీ! ఆ మత్తుమందు, ఆ కుట్లదారం ఊరికే వచ్చాయనుకున్నారా? నా గదిలోంచే ఇచ్చాను నేను. ఆయన పేర్లు చెప్పక్కర్లేదు, మీకే తెలుసు."

"దయానందం గారిని నేను అనుమానించడం లేదమ్మా," అన్నారు డాక్టరు గారు నెమ్మదిగా. "మా ఆడిటరుకి చెబుతాను, సర్టిఫికెట్ పంపిస్తాడు. కానీ నేను కాబట్టి సరిపోయింది. రేపు ఇంకెవరైనా అడిగితే ఏం చెబుతారు?"

దణ్ణం పెట్టి వచ్చేశాం.

తిరుగు బస్సు కూచిపూడి దాటుతుండగా పిన్ని ఫోను చేసింది. ఏడైంది. "తల వెనక్కి వాల్చు, సీసా తీశావా," అని బాబాయ్ మొదలుపెట్టారు, బస్సంతా వింటోంది. ఇంతలో కార్తీక్ ఫోను. ఆఖరి సంవత్సరం లెక్క ఎక్కిస్తున్నాడు. "ఉండు ఎలీసా, ఓటీపీ," అని ఆమెది కట్ చేసి, అంకెలు అతనికి చెప్పి, మళ్ళీ ఆమెకి చేశారు. ఎత్తలేదు. మొవ్వ దాటింది, ఎత్తలేదు. చల్లపల్లిలో బస్సు ఆగీ ఆగకముందే దూకి బందరు బస్సు కోసం పరిగెత్తారు. వెనకాల నేను.

వెళ్ళేసరికి పిన్ని మంచం మీద కూర్చుని తడిగుడ్డ కంటికి అదుముకుని ఉంది. ఫోను మంచం కింద పడి ఉంది. బల్లమీద రెండు సీసాలు ఒకే సైజువి. తడుముకుని రెండోది వేసుకుంది, అది చెవిలో మందు. ఆటోలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కడిగి కట్టు కట్టాడు. చూపు పోలేదు, కానీ పుండు పడిందన్నాడు. మానేదాకా కట్టు విప్పకూడదు, దగ్గర ఒక మనిషి ఉండాలి అన్నాడు.

పిన్ని ఆ కట్టుతో, చెయ్యి చాచి బాబాయ్ మోచెయ్యి పట్టుకుని, "ఓటీపీ అందిందా మరి?" అంది.

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అందుకే బాబాయ్ అంతమందిలో ఏడ్చేశారు.

మళ్ళీ కమిటీ కూర్చునే నాటికి సర్టిఫికెట్లన్నీ వచ్చాయి. కొత్త స్కానింగ్ మెషిను కోసం దాచిన డబ్బు తీసి మిగతా పన్నూ వడ్డీ కట్టేశారు. ఇక మిగిలింది పేరు మార్చడం. బాధ్యుడిగా ఎవరుంటారని పున్నయ్య గారు అడిగారు. ఒకాయనకి బీపీ. ఒకాయన కొడుకు గవర్నమెంటు ఉద్యోగి, ఇబ్బందట. ఒకాయన ఫోనులో బైబిలు వాక్యం చూసుకుంటున్నారు. "దీని గురించి ప్రార్థనాపూర్వకంగా ఆలోచిద్దాం. ఈలోగా దయానందం గారు..." అన్నారు పున్నయ్య గారు.

గోడవారగా స్టూలు మీద బాబాయ్, పిన్నిని ఆ పూటకి పక్కింటివాళ్ళకి అప్పగించి వచ్చారు. ఆయన పెదాలు అప్పుడే ఆమెన్‌కి సిద్ధమవుతున్నాయి.

"నా పేరు రాయండి," అన్నాను.

అందరూ టీ సంగతనుకుని నా వైపు చూశారు. నిలబడి మళ్ళీ చెప్పాను. "నా పేరే రాయండి. అయితే ఒకటి. ఇక నుంచి జీతం మొత్తం చూపిస్తాను, పన్ను పడతాను, డబ్బు వాళ్ళ చేతికిస్తాను. ప్రభువు భాగం ఎవరికి వాళ్ళే ఇచ్చుకుంటారు, నేను రసీదు రాస్తాను."

"అమ్మా, ముందు ప్రభువుకి కదా..."

"ఏది ఎంగిలో, ఏది కాదో ఆయనకి తెలుసండీ. ఇన్‌కమ్ టాక్సువాళ్ళకే తెలీదు."

ఆ రాత్రి మా ఆయన కిరణ్ కుమార్, "నీకేమన్నా పిచ్చా?" అన్నారు. అవునన్నాను. నిజానికి అప్పటికే భయం వేస్తోంది. బాబాయ్ అయితే రిలీవింగ్ కాగితం జేబులో పెట్టుకుని, గోడగడియారం చంకలో పెట్టుకుని, పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళిపోయారు. ఆ శాలువా మర్చిపోయారు. ఇంకా ఆ కుర్చీ మీదే ఉంది, నేను దాని మీదే కూర్చుంటున్నాను.

ఇప్పుడు ఓటీపీలు నా ఫోనుకొస్తున్నాయి. పాత ఏడాదొకటి తీసి ఇంకో నోటీసు కూడా వచ్చింది, నా పేరు మీద. మొన్న గురువారం సాయంత్రం పొయ్యి మీద అన్నం పెట్టి, ఫోను పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. లైన్లో కార్తీక్. ఆ నోటీసుకి ఏ జవాబు నొక్కమంటారని అడుగుతున్నాడు. నాకేం తెలుసు? అతన్ని ఉండమని బాబాయ్‌కి ఫోను చేశాను. పిన్ని ఎత్తింది.

"బాబాయ్‌కివ్వు పిన్నీ, అర్జెంటు. ఓటీపీ టైము అయిపోతోంది."

"ఆయన చేతిలో సీసా ఉందమ్మా. తరవాత చెయ్యి," అని పెట్టేసింది.

గడియారం చూశాను. ఏడు. అన్నం మాడుతున్న వాసన వస్తోంది. "మేడమ్, ఓటీపీ?" అన్నాడు కార్తీక్.

"టైమైపోయింది బాబూ," అన్నాను. "మళ్ళీ పంపించు."