పేరు పిలిస్తే పలకాలి

“బడికి రాలేదని ఫోన్‌లో పెట్టినారు అత్తా! ఇవాళొక్కటే కాదు, మూడు దినాలుగా! బిడ్డ యాడికి పోతా ఉండాది?”

“ఫోన్ మాటలు నాకు చెప్పొద్దు మే. మూడు దినాలూ నా చేత్తో బస్సెక్కించినా. బస్సు మలుపు తిరిగేదాకా ఆడే నిలబడినా.”

“ఎక్కించినావు సరే. దిగిందా? దిగి బళ్లోకి పోయిందా? సూసినావా నువ్వు?”

“నువ్వు సూసినావా? పొద్దున ఏడుకంతా పోయేదానివి, పొద్దు గుంకినాక వచ్చి నా మింద ఎగరతా ఉండావే!”

మా కోడలు చిత్తూరు దారిలో ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోతుంది. అక్కడ ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. మూడు రోజులుగా వచ్చిన మెసేజీలను రీఛార్జి వాళ్లవనుకొని వదిలేసిందట. ఇంగ్లీషులో ఉంటాయి కదా. ఆ రోజు పని దిగి గేటు దగ్గర ఫోన్ తీసుకున్నప్పుడు తోటి పనామె ఎవరో చదివి చెప్పేసరికి, చేతులకంటిన మామిడి సొన కూడా కడుక్కోకుండా ఇంటికి వచ్చింది.

ఈ గొడవ జరుగుతున్నంతసేపూ మనవరాలు గడప మీద కూర్చుని రిబ్బన్లు విప్పుకుంటోంది. అయిదో తరగతి దాకా మా ఊరి బళ్లోనే చదివింది. ఆరో తరగతికి బస్సెక్కి హైస్కూలుకు పోవడం మొదలుపెట్టి వారం కూడా కాలేదు.

నేను దాని సంచి లాగి పుస్తకాలన్నీ కింద పోశాను. మూడో తరగతితో ఆగిన చదువు నాది. తెలుగు కూడబలుక్కుంటాను, అంకెలు బాగానే తెలుస్తాయి. లెక్కల నోటుపుస్తకంలో ఆనాటి తేదీ వేసి ఉంది. కింద ఎర్ర ఇంకుతో టిక్కు. ముందు రోజుదీ అంతే, దాని ముందు రోజుదీ అంతే.

“ఇదిగో సూడు. మనిషి లేకుండానే సారు టిక్కు పెట్టినాడా?” అని కోడలి ముందు పడేశాను. అది పుస్తకం కేసి, పిల్ల కేసి మార్చి మార్చి చూసింది.

“బళ్లోనే ఉన్న్యావా పాపా?” అని అడిగింది.

పిల్ల తల ఊపింది.

“పొద్దున పేరు పిలుస్తారా?” అన్నాను నేను.

“ఊ.”

“నీ పేరు పిలిచినాడా?”

“ఊ.”

“పలికినావా?”

రిబ్బను వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. చివరకు అంది.

“సార్ తలెత్తల్యా అవ్వా. ఎత్తింటే నన్ను సూసేవాడు గదా.”

మా ఊరి బడి రెండు గదులు. అయిదేళ్లూ ఒకే టీచరమ్మ. ఆమె పేర్లు పిలిచేది కాదు. గుమ్మంలో నిలబడి ఒకసారి అందరినీ చూసి రిజిస్టరులో రాసుకునేది. మా పిల్ల చిటికెన వేలెత్తితే బయటికి పోవాలని తెలుసు, పొట్ట పట్టుకుంటే అన్నం తినలేదని తెలుసు. దానికి నోటితో పని పడలేదు. హైస్కూల్లో ఒక్కో తరగతికి యాభై మంది. సారు తల దించుకుని పిలుస్తాడు, పలికిన పేరుకు గీత పెట్టి ముందుకు పోతాడు. ఆయన్ని అనవలసింది లేదు.

“రేప్పొద్దున సెలవు పెట్టి సార్‌కు చెప్పొస్తా. మా బిడ్డ మెత్తనిది, మొగం సూసి రాసుకోండి అని,” అంది కోడలు.

“ఈ సార్‌కు చెప్తావు. ఆడ గంటకొక సారు. అందరికీ చెప్తావా? పది పాసయ్యేదాకా సెలవు పెడతావా?”

“అట్లయితే పలమనేరు పంపిచ్చేస్తా. మా అక్క కూతురు కూడా ఆరే గదా. రెండూ పక్కపక్కన కూచుంటాయి. దీని పేరు పిలిస్తే అదే పలుకుతుంది.”

పలమనేరు అనగానే మనవరాలు రిబ్బను చుట్టడం ఆపింది. వేసవిలో పది రోజులుండి రమ్మని అక్కడికి పంపితే మూడో రోజుకే జ్వరం తెచ్చుకుని వచ్చిన పిల్ల అది.

“ఒగురు పలికితే ఇంగొగురికి చదువొస్తాదా మే?” అన్నాను.

“నువ్వు చెప్తావా అత్తా ఆ మాట?” కోడలు నడుము మీద చేతులు పెట్టుకుంది. “అంగట్లో దానికేం కావల్లో నువ్వే చెప్తివి. ఆస్పత్రిలో సూది వేసే ఆమె ‘నీ పేరేంది పాపా’ అంటే నువ్వే చెప్తివి. ఆకలైందా అని నేనడిగితే, కాలేదని నువ్వే చెప్తివి. దాని నోరు దానికెప్పుడిచ్చినావు?”

మాట నిజమే. ఆ పిల్ల నోరు తెరిచేలోపు నేను రెండు పనులు చేసుకోవచ్చు. పొద్దు వృథా చేయడం నాకు చేతకాదు. అందుకని దాని మాటలన్నీ నేనే అనేసి ఇంటికి లాక్కొచ్చేదాన్ని.

నా చదువు ఎట్లా ఆగిందో కోడలికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. చెనక్కాయలు పీకే పనికి మా అమ్మ నన్ను తీసుకుపోయిన రోజుల్లో పక్కన కూర్చునే పిల్ల నా పేరుకు ‘హాజరు’ అనేది. అయివారు రాసుకునేవాడు. మొదట్లో నాలుగు రోజులు అనుకున్నది నెలలు అయింది. ఆ పిల్లకు జ్వరమొచ్చి బడికి రాని రోజున గానీ నేను మానేసిన సంగతి అయివారికి తెలియలేదు. అప్పటికి నేను అక్షరాలు సగం మరిచిపోయాను.

“రేపొక్క దినం నాకు వదిలెయ్. రేపు గూడా ఆ మెసేజి వస్తే నేనే దీన్ని పలమనేరులో దింపొస్తా,” అన్నాను.

“మాట మీద ఉండు.”

“నేనెప్పుడు తప్పినా?”

మరుసటి పొద్దున పిల్లను తొందరగా లేపి పాల క్యాను దాని చేతికిచ్చాను. మా ఊరి పాల సెంటర్లో పాలు పోసే ప్రతి ఇంటికీ ఒక నంబరు ఉంటుంది. మాది నలభై ఏడు. కిటికీ దగ్గరికి పోయి నంబరు చెప్తే లోపలున్న ఆయన మిషన్ మీద నొక్కి, పాలు కొలిచి, చీటీ ఇస్తాడు. మిషన్ మీద నుంచి ఆయన కూడా తలెత్తడు.

పిల్లను కిటికీ ముందు నిలబెట్టి నేను వెనక్కి జరిగాను.

“నంబరు?” అన్నాడాయన.

పిల్ల క్యాను పట్టుకుని నిలబడింది.

“నలభై ఏడు కదప్పా, అవ్వ వాళ్లది,” అంది వెనకున్న ఆమె.

“నీ పాలు నువ్వు పోసుకో మే. నా పాలతో నీకేం పని?” అన్నాను. ఆమె మూతి తిప్పుకుని పిల్లను దాటి ముందుకు పోయింది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. పది పన్నెండు మంది పోసి వెళ్లారు.

“ఏందవ్వా, పాలు విరగ్గొట్టి కోవా చేస్తావా?” అని ఒకామె నవ్వింది.

“పాలు నాయి కావు, దానివి. దాన్నే అడుగు.”

ఏడుకు పాల వ్యాను వస్తుంది. ఆ తర్వాత పోయించుకోరు. జూన్ ఎండకు పాలు మధ్యాహ్నం దాకా ఆగవు. ఇంట్లో చుక్క పాలు పారబోసిన మనిషిని కాదు నేను. అయినా నోరు తెరవలేదు. పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నేను రోడ్డు కేసి చూశాను.

లోపలాయన కొలత గిన్నె కడగడం మొదలుపెట్టాడు.

“నలభై ఏడు,” అంది పిల్ల.

నీళ్ల చప్పుడులో ఆయనకు వినపడలేదు. తల ఎత్తలేదు.

“నలభై ఏడు!”

“ఆ ఇట్లియ్యి. ఇంతసేపూ యాడుంటివి?” అన్నాడు.

“ఈడనే ఉండా,” అంది.

చీటీ తీసుకుని మడిచి నా చేతిలో పెట్టింది. ఖాళీ క్యాను అదే మోసుకొచ్చింది. సద్దన్నం తిని, జడలు వేయించుకుని, ఎనిమిదికి బస్సెక్కింది.

కోడలు ఆ రోజు ఫోన్ నా దగ్గర వదిలి పనికి పోయింది. దాన్ని పొయ్యి పక్కన గూట్లో పెట్టుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. మూడు రోజులూ బడి మెసేజి పదింటికే వచ్చిందట. పదకొండుకు ముందర ఒకసారి మోగింది. చేతులు కడుక్కుని, ఎదురింటి వాళ్లమ్మాయి డిగ్రీ చదువుతుంది కదా అని తీసుకుపోయి చూపించాను.

రీఛార్జి అయిపోవచ్చిందట. అంతకు మించి ఏమీ రాలేదని చెప్పి ఫోన్ తిరిగి ఇచ్చింది.