తోబుట్టువు లేని మేనమామ

మహారాష్ట్ర సరిహద్దులోని మాండవిలో పశువులు కాసే మారయ్యను పిల్లా పెద్దా మామా అనే పిలిచేవారు. నిజానికి ఆయన ఎవరికీ మామ కాడు. పెళ్లి కాలేదు, తోడబుట్టినవాళ్లు లేరు. ఆ పిలుపు ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

డెబ్బై నాలుగులో మా పక్కింటి గోదావరి చంటికూతురికి పుట్టి ఎనిమిది నెలలు నిండాయి. ఇంకా తల్లిపాలే. అవి చాలక పిల్ల చిక్కిపోయింది. ఎవరు తింటున్నా వాళ్ల చేతివంకే చూసేది. కానీ మా వైపు మొదటి ముద్ద మేనమామే తినిపించాలి. మరాఠీవాళ్లు ఉష్టావణ్ అంటారు, మేమూ అదే అంటాం. గోదావరి అన్న వెంకటి ఒక పెళ్లి విందులో బావతో మాటామాటా పెరిగి, కిన్వట్ నుంచి ఇటు తొంగిచూడటం మానేశాడు.

"మేనమామ ముట్టియ్యక ముందు మెతుకు పెడితే పిల్లకు అరిష్టం" అని గోదావరి అత్త నర్సవ్వ పట్టుబట్టింది. మనసు లేని మనిషి కాదు, భయం. అయినా నాకు ఇప్పటికీ ఆమె మీద కోపమే.

ఒకరోజు పొద్దున పశువులను తోలుకుపోతున్న మారయ్యకు గోదావరి అడ్డం వెళ్లింది.

"మామా, ఇంట్లకు రా. నా పిల్లకు ముద్ద ముట్టియ్యి."

"నేనేంది బిడ్డా! నేనేమైత?"

"ఊరంత నిన్నేమంటరు? మామనే గద!"

తన కొడుకు చేత కూడా అదే పిలుపు పిలిపించిన నర్సవ్వ పక్కకు జరిగి దారిచ్చింది.

మారయ్య చేతులు కడుక్కుని, పాయసంలో వేలు ముంచి అందించాడు. పిల్ల నోరు బిగించి మొహం తిప్పుకుంది.

"ముక్కు మూసి పొయ్యి, మింగుతది" అంది నర్సవ్వ.

"వద్దు. లేగదూడకు గూడ మెడ వంచి తాపను నేను. దానికి మనసైనప్పుడే."

అలాగే కూర్చున్నాడు. పశువులు ముందుకు వెళ్లిపోయినా కదలలేదు. పిల్ల ఓరగా చూసి చూసి, ఆ వేలును రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకుంది. చప్పరించి మళ్లీ నోరు తెరిచింది. అలా నాలుగుసార్లు. ఐదోసారి మొహం తిప్పుకుంటే, "చాలంట" అని ఆపేశాడు. గోదావరి ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు.

మర్నాడు ఆయన మళ్లీ గుమ్మంలో ఉన్నాడు, చేతులు తడిగా. ముట్టించడం ఒక్కరోజు పనేనని ఆయనకు తెలియదు, మేమెవరమూ చెప్పలేదు.

"ఇయ్యాల జొన్నగటక పల్సగ కలుపు" అన్నాడు.

గోదావరి గిన్నె తెచ్చి, "కూసో అన్నా" అంది.

ఊళ్లో ఆయనను అలా పిలిచింది ఆమె ఒక్కతే. మారయ్యకు గిన్నె అందుకోవడానికి చేతులు రాలేదు. పిల్లే పాకుతూ వచ్చి ఆ వేలు పట్టుకుంది.