చదవని సంతకం

కాలేజీ ల్యాబులో కంప్యూటర్లు చూసుకునే ఆవిడను అందరూ అక్కా అనేవారు. పీహెచ్‌డీ ఫెలోషిప్‌కు ఎవరు దరఖాస్తు పెట్టుకున్నా, ప్రొఫెసర్‌గారి సిఫారసు ఉత్తరం అక్కే రాసేది. ఆయన చదవకుండా సంతకం పెట్టేవారు. ఆమె ఆకాశానికెత్తిన వాళ్లందరికీ ఫెలోషిప్ వచ్చింది.

వయసు పరిమితి దాటిపోయే ఏడాది, అక్క తనకూ ఉత్తరం అడిగింది.

“నువ్వే రాసుకో అమ్మా, సంతకం పెడతా.”

అదేం సిగ్గో గానీ, సొంత డబ్బా కొట్టుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. “కష్టపడుతుంది, వేళకు వస్తుంది” అని మాత్రం రాసుకుంది. ఆ మహానుభావుడు అదీ చదవలేదు.

సొంత ప్రొఫెసరే మెచ్చని మనిషికి ఇవ్వలేమని జవాబొచ్చింది.

“పోన్లే అమ్మా,” అన్నారాయన. “ఆ కొత్తమ్మాయికి మాత్రం కాస్త గట్టిగా రాయి.”

అక్క కీబోర్డు దగ్గరకు లాక్కుంది. “ఇంతటి ప్రతిభను నా సర్వీసులో చూడలేదు” అని మొదలుపెట్టింది.