చేతులూపిన రోజు వచ్చిన కిలోమీటర్లు

మా అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని చుట్టాలందరూ అంటారు. ఆ కోపం తెప్పించేది ఎవరని మాత్రం ఒక్కరూ అడగరు. అందుకే ఈ సంగతి నేను చెబుతున్నాను. నాకూ కోపం తక్కువేం కాదు, కాకపోతే కాస్త ఆలస్యంగా వస్తుంది.

అక్క పనిచేసేది పెద్ద బట్టల దుకాణం పక్కనున్న అంతస్తుల కార్ల పార్కింగులో. గేటు దగ్గర చీటీ ఇవ్వాలి. పైన ఖాళీ ఎక్కడుందో చూసుకుని, రెండు చేతులూ ఊపుతూ, రండి, ఇంకాస్త, చాలు చాలు అంటూ కార్లను గోడకు తగలకుండా పెట్టించాలి. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మందికి తిరిగి వెళ్లేటప్పుడు తమ కారు ఏ అంతస్తులో పెట్టారో గుర్తుండదు. "తెల్ల కారమ్మా" అంటారు. అక్కడున్నవన్నీ తెల్ల కార్లే. వాళ్ల చేతుల నిండా సంచులు, పక్కన ఏడ్చే పిల్లలు, లిఫ్టు చూస్తే ఎప్పుడూ పాడయ్యే ఉంటుంది. అక్క వాళ్ల దగ్గర తాళంచెవి తీసుకుని, దాని మీట నొక్కుకుంటూ, ఏ మూల నుంచి కారు కూస్తుందా అని ర్యాంపుల వెంబడి పైకి పరిగెత్తేది. అలా పరిగెత్తీ పరిగెత్తీ, నలభై దాటాక, తనకు పరుగంటే ఇష్టమని తెలుసుకుంది.

ఆ తర్వాత డ్యూటీకి ముందే వెళ్లి, ఖాళీ పార్కింగులో కింది నుంచి చివరి అంతస్తు దాకా, మళ్లీ కిందికి, ఒళ్లంతా తడిసి ముద్దయ్యేదాకా పరిగెత్తడం మొదలుపెట్టింది. రోడ్డు మీదైతే కుక్కలు, లారీలు, "ఎవరు తరుముతున్నారు ఆంటీ" అనే వెధవలు. లోపల ఆ బాధ లేదు. బావ మొదట్లో నవ్వాడు. ఒకరోజు తోడొస్తానని వెళ్లి, రెండో అంతస్తులోనే స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడిపోయాడు. మళ్లీ నవ్వలేదు.

మా ఊళ్లో పరుగు సంఘం ఒకటుంది. దాన్ని నడిపేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఏటా పక్క ఊళ్ల సంఘాలతో రిలే పోటీ ఉంటుంది. సంఘానికి నలుగురు, ఒకరి తర్వాత ఒకరు పరిగెత్తాలి. ఆ నలుగురికే సంఘం పేరు రాసిన నీలం బనీను ఇస్తారు. అక్కకు ఆ బనీను కావాలి. పుట్టి బుద్ధెరిగాక అక్క తనకోసం ఒకటి కావాలని అడగడం నేను అప్పుడే విన్నాను.

"ఒక్కసారి నేనూ ఆ నలుగురిలో ఉండాలే. నేను పరిగెత్తుకుంటూ వస్తుంటే, అవతల ఒక మనిషి నాకోసం చెయ్యి చాచుకుని నిలబడి ఉండాలి" అంది.

సంఘం వాళ్లు కలిసి పరిగెత్తేది ఆదివారం పొద్దున. పార్కింగులో ఆదివారమంటే యుద్ధం, సెలవడిగితే ఉద్యోగానికే ఎసరు. అందుచేత అక్క పరుగును మాస్టారు ఒక్కసారైనా చూడలేదు. చూడక్కర్లేదన్నాడు ఆ మహానుభావుడు.

"రాకపోయినా ఏం ఫర్లేదమ్మా. పరుగు వాచీ ఒకటి పెట్టుకో. అది కొలిచిన దూరం మన యాప్‌లోకి వచ్చేస్తుంది. దాన్ని బట్టే నలుగురినీ ఎంచుతాను. మనుషులు అబద్ధం చెబుతారు గానీ, అది చెప్పదు."

బావ వాచీ తెచ్చి ఇచ్చాడు. అది ఆకాశంలోని ఉపగ్రహాలను పట్టుకుని దూరం లెక్కగడుతుందట. మా అక్క పరిగెత్తే చోట ఆకాశం ఎక్కడేడ్చింది? తల మీద సిమెంటు, దాని మీద మళ్లీ సిమెంటు. గుండ్రంగా తిరిగి ఎన్ని అంతస్తులెక్కినా దానికి ఉన్నచోటనే ఉన్నట్టు. అక్క రొప్పుతూ వచ్చి వాచీ చూసుకుంటే, వీధి చివర కొట్టుకు వెళ్లొచ్చినంత దూరం చూపించేది. యాప్‌లో గీసిన దారి బొమ్మయితే పసిపిల్ల చేతికి పెన్సిలిచ్చినట్టు ఉండేది.

వారం తిరగకుండానే మాస్టారు సంఘం వాట్సాప్ గ్రూపులో రాశాడు, కొందరు సభ్యులు సాధన మీద శ్రద్ధ పెట్టాలని. పేరు పెట్టలేదు గానీ, అందరికీ తెలుసు. సంఘంలో ఒక బ్యాంకు మేడం ఉంది. ఆవిడ పుండు మీద కారం చల్లినట్టు, "ముందు నడకతో మొదలుపెడితే మంచిదేమో" అని, పక్కన నవ్వు బొమ్మ కూడా పెట్టింది. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికప్పుడే మాస్టారికి ఫోన్ చేసింది.

"నేను రోజూ పరిగెత్తుతున్నాను మాస్టారూ. పార్కింగు లోపల ఆ వాచీకి ఆకాశం కనబడదట."

"అందరూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటారమ్మా. నేనెవరినని నమ్మను?"

ఫోన్ పెట్టేశాక అక్క వంటింట్లోకి వెళ్లింది. ఇక గిన్నెలు మాట్లాడాయి, వీధంతా వినబడేలా. ఒక మనిషి నోటితో చెప్పిన మాట కంటే మణికట్టు మీది డబ్బీ చెప్పిన మాట ఎక్కువైపోయిందంటే నాకూ ఒళ్లు మండింది. అక్క జన్మలో ఒక్క అబద్ధమాడి ఎరగదు. ఆడగలిగితే చుట్టాల్లో ఇంత చెడ్డపేరు వచ్చేదే కాదు.

మర్నాడు మా వీధిలో ఫోన్లు బాగుచేసే అతని దగ్గరికి ఇద్దరం వెళ్లాం. అతను వాచీని అటూ ఇటూ నొక్కి, 'లోపలి పరుగు' అనే పద్ధతిలో పెట్టాడు. "ఇప్పుడిది ఆకాశం జోలికి పోదక్కా. చెయ్యి ఊగినప్పుడల్లా ఒక అడుగు వేశావనుకుని దూరం కడుతుంది. పరుగు అయిపోగానే మాత్రం ఆపాలి, మర్చిపోకు" అన్నాడు.

అక్క మర్చిపోయింది. అది కూడా ఏ రోజు? బట్టల దుకాణంలో సగం ధరల అమ్మకం మొదలైన రోజు. డ్యూటీ ఎక్కేసరికే గేటు బయట కార్లు బారులు తీరాయి. వాచీ సంగతి ఎవరికి గుర్తుంటుంది? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కచోట నిలబడి రెండు చేతులూ ఊపుతూనే ఉంది. ఆ వెధవ వాచీ అదంతా పరుగని రాసేసుకుంది.

ఇంటికొచ్చేసరికి గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు. సంఘం పుట్టాక ఒక్క రోజులో అంత దూరం ఎవరూ పరిగెత్తలేదట. మాస్టారు దండం పెట్టే బొమ్మ పెట్టాడు. రిలేకి వెళ్లే నలుగురి పేర్లూ ఆ రాత్రే ప్రకటించాడు. అందులో మా అక్క పేరుంది.

నేను ఎగిరి గంతేశాను. అక్క మొహం మాత్రం కందగడ్డలా ఉంది.

"ఎలా వస్తేనేమే, వచ్చింది కదా! నోరు మూసుకుని ఊరుకో" అన్నాను.

"నువ్వు నోర్ముయ్ ముందు! ఊపిరి తెగేలా పరిగెత్తినన్నాళ్లూ నేను సోమరిదాన్ని. నిలబడి చేతులూపితే వీరవనితనా? వాళ్లకి కావలసింది నేను కాదే, ఆ అంకె!"

మళ్లీ ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. మాస్టారు నీళ్లు నమిలాడు. "పోటీ వాళ్లకు పేర్లు పంపించేశానమ్మా. ఇప్పుడిదంతా ఎందుకు తవ్వుతావు? ఊరుకో, ఎవరికీ తెలియదు."

"చేతులూపినందుకు నాకు బనీను వద్దు. నా పేరు తీసెయ్యండి. ఉంచాలనుంటే రేపు పొద్దున పార్కింగుకి వచ్చి నాతో పరిగెత్తండి, చూసి ఉంచండి."

ఆ మాటకు ఆయనకు పౌరుషం వచ్చినట్టుంది. తెల్లవారగానే ఈలతో సహా వచ్చాడు. నేనూ వెళ్లాను, తమాషా చూడకుండా ఎలా ఉంటాను? ఇద్దరూ వాచీలు నొక్కుకుని బయల్దేరారు. మొదటి అంతస్తు దాకా ఆయన ఊపిరెలా పీల్చాలో అక్కకు పాఠం చెబుతూనే ఉన్నాడు, ఆ తర్వాత గొంతు వినబడలేదు. అక్క చివరి దాకా వెళ్లి, వెనక్కొచ్చి, సగం దారిలో ఉన్న ఆయన్ను కలుసుకుని, ఆయనతోపాటు మళ్లీ పైకెళ్లింది.

నేను మెట్ల మీదుగా చివరి అంతస్తు చేరేసరికి మాస్టారు అక్కడి సగం గోడ పట్టుకుని వేలాడుతున్నాడు. మొహం నెత్తురు చుక్కలా ఉంది. కాస్త ఊపిరందగానే మణికట్టు వంక చూసుకున్నాడు.

"ఇదేంటి? ఇంతేనా?" వాచీని దులిపాడు, గోడ సందులోంచి చెయ్యి బయటికి పెట్టి చూశాడు. "ఇదెక్కడి అన్యాయం! ప్రాణం పోయేలా పరిగెత్తాను కదా! నీ నిన్నటి లెక్క తీసేస్తే ఈ వారం సగటులో నేనే ముందున్నాను, ఇదిప్పుడు నన్ను కిందికి లాగేస్తుంది. అమ్మా, నువ్వు చూశావుగా? గ్రూపులో నాకోసం ఒక్క మాట చెప్పు."

అక్క ఆయన్ను ఎగాదిగా చూసింది. కొట్టేస్తుందేమోనని నేను ఒక అడుగు ముందుకేశాను కూడా.

"చెప్తాను మాస్టారూ. నేను చెబితే నమ్మేవాళ్లెవరున్నారు అందులో?"

ఆయన చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. డ్యూటీ వేళయిందని అక్క కిందికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నలుగురి పేర్లూ మళ్లీ వచ్చాయి. ముగ్గురి పక్కన కిలోమీటర్లు వేసి ఉన్నాయి. అక్క పేరు పక్కన అంకె లేదు. 'ఈమె పరిగెత్తుతుంది. నేను కళ్లారా చూశాను' అని రాశాడు మాస్టారు.

ఇప్పుడైనా సంతోషిస్తుందని ఫోన్ అక్క చేతికిచ్చాను. ఒకటికి రెండుసార్లు చదివింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదే ఊళ్లో ఉన్నాడు కదే! ముందే వచ్చి ఒక్కసారి చూస్తే ఆ మనిషి సొమ్మేం పోయేది?" అంది.

నీలం బనీను వచ్చిన రోజు, దాన్ని వేసుకుని అద్దం ముందు నిలబడి కూడా ఇదే మాట అంది.